ఓడ ఎక్కే ముందు

గత నెల జుమా నమాజు అనంతరం వరంగల్‌కు చెందిన ఒక వ్యాపార సోదరుడు మా వద్దకు వచ్చారు. దుకాణ సిబ్బందితో జరిపే వార్షిక సమావేశాన్ని ఈసారి ఓడ మీద జరపాలనీ, అందరి కుటుంబాలనూ వెంట తీసుకెళ్లాలనీ ఆయన సంకల్పం. "మౌలానా సాబ్, ఇది ధర్మసమ్మతమేనా?" అని అడిగారు. "సమ్మతమే. అయితే ఏ ఓడ?" అని మేము తిరిగి అడిగాము. దానికి ఆయన వద్ద వెంటనే సమాధానం లేదు.

సముద్రంపై సాగే ఓడలను దివ్య ఖుర్‌ఆన్ దైవానుగ్రహాలలో ఒకటిగా పలుమార్లు పేర్కొంది. 1995 వరకు మన పెద్దలు ముంబై నుండి ఓడలలోనే హజ్‌కు వెళ్లేవారు. కాబట్టి అభ్యంతరం ఓడ ప్రయాణానికి కాదు, విచారించకుండా ఎక్కడానికే.

2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ట బోటు కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగిపోయింది. అందులో మన కాజీపేట సమీపంలోని కడిపికొండ నుండి వెళ్లినవారు 14 మంది. వారిలో ప్రాణాలతో తిరిగివచ్చినది ఐదుగురే. సమీప గిరిజనులు తమ పడవలతో వెళ్లి రక్షించడం వల్ల మొత్తం 26 మంది బతికారు. మునిగిన బోటును వెలికితీయడానికి ఐదు వారాలకు పైగా పట్టింది.

"విధి" అని నిట్టూర్చి ఊరుకోవడం తవక్కుల్ కాదు. ముందు ఒంటెను కట్టివేసి, ఆపై దైవంపై భారం వేయమని దైవప్రవక్త (స) ఒక వ్యక్తికి బోధించారు. నదీ విహారానికి వెళ్లే ఇంటిపెద్ద ఒడ్డునే కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి. బోటుకు రిజిస్ట్రేషన్, తనిఖీ ధ్రువపత్రం ఉన్నాయా? ఎందరిని ఎక్కించడానికి అనుమతి ఉంది, ఎందరిని ఎక్కించారు? పిల్లలకు సరిపడే లైఫ్ జాకెట్లు ఉన్నాయా? వాటిని దిగేవరకూ విప్పకూడదు. అందరూ ఒకే పక్కకు చేరితే బోటు ఒరిగిపోతుంది కనుక ఫోటోల కోసం గుమిగూడరాదు. నది సంగతీ కనుక్కోవాలి. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. అట్టి రోజులలో చెల్లించిన సొమ్ము పోయినా సరే, ఇంటికి మరలడమే వివేకం.

సముద్రపు ఓడ విషయం వేరు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ వారి ఎంప్రెస్ ఓడ విశాఖపట్నం నుండి చెన్నై వైపు యాత్రికులను తీసుకువెళ్లింది. అట్టి ఓడలలో సమావేశ మందిరాలు, పిల్లల ఆటస్థలాలు ఉన్నట్లే మద్యశాలలు, కేసినో కూడా ఉంటాయి. మద్యం వడ్డించే బల్ల వద్ద కూర్చోవద్దని హదీసు వారిస్తోంది. కావున టికెట్టు కొనక మునుపే హలాల్ భోజనం లభిస్తుందా, మన బృందానికి వేరుగా భోజనపు ఏర్పాటు చేయగలరా అని అడిగి, ఆ హామీని రాతపూర్వకంగా తీసుకోవాలి. అలల తాకిడికి తల తిరిగే వృద్ధులకు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులలోని గదులు మేలు. బయలుదేరే ముందు సిబ్బంది చేయించే భద్రతా అభ్యాసానికి పిల్లలతో సహా హాజరు కావాలి. నమాజును నిలబడి చేయాలి. నిలబడలేని స్థితి ఏర్పడితే కూర్చుని చేయవచ్చు.

ఆ సోదరునికి మేము మరొక మాట కూడా చెప్పాము. యజమాని పిలిస్తే గుమాస్తా కాదనలేడు. నీళ్లంటే భయపడే అతని భార్య, నెలలు నిండుతున్న కోడలు తమ ఇబ్బందిని ఎవరితో చెప్పుకుంటారు? అందుకే ముందుగా షూరా జరపాలి. రాలేమన్నవారి జీతంలో గానీ గౌరవంలో గానీ లోటు చేయరాదు. తీసుకువెళ్లిన ప్రతి ప్రాణం యజమాని చేతిలోని అమానతు.

వారం తర్వాత ఆయన మళ్లీ వచ్చారు. సిబ్బందిని విడివిడిగా అడిగితే సగం మంది వద్దన్నారట. సమావేశాన్ని వరంగల్‌లోనే జరిపి, వర్షాలు తగ్గాక ఇష్టపడిన కుటుంబాలను లక్నవరం చెరువుకు తీసుకెళ్లాలని నిశ్చయించుకున్నారు. "అక్కడి బోటు విషయాలూ అడిగే ఎక్కుతాము మౌలానా సాబ్" అన్నారు. నూహ్ (అలైహిస్సలాం) తన వారిని దైవనామంతో ఓడ ఎక్కమన్న సంగతి హూద్ సూరా 41వ ఆయతులో ఉంది. ఆ దుఆను పిల్లలందరికీ నేర్పించి తీసుకెళ్లమని చెప్పి ఆయనను సాగనంపాము.