పెరటి గుడి పనికిరాదా?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నారు మన పెద్దలు. పాపం, వాళ్ళు చెట్టు గురించే అన్నారు. మనం ఆ సామెతని గుళ్ళకీ, కోటలకీ, కొండలకీ, చివరికి ఏటి గట్లకీ కూడా అంటగట్టేశాం. "మన శ్రీకాకుళం వైపు చూడ్డానికేముందండీ?" అన్న మాట నా చెవిన పడని వారం లేదు. అనేవాళ్ళు అక్షరం ముక్క రానివాళ్ళు కారు. డిగ్రీలున్నవాళ్ళూ, పాస్‌పోర్టులున్నవాళ్ళూను.

మాకు తెలిసిన దంపతులు ఈమధ్య ఫ్రాన్సు వెళ్ళొచ్చారు. పారిస్‌తో ఊరుకోకుండా ఉత్తరాన ఉన్న పల్లెటూళ్ళు కూడా తిరిగొచ్చారు. మంచిదే, తిరగొద్దన్నదెవరు? సెల్‌ఫోనులో ఫోటోలు చూపించారు. ఓ చిన్న ఊరు. ఊరి మధ్య రాతి చర్చి, దాని శిఖరం మీద గాలికి తిరిగే లోహపు కోడిపుంజు. చుట్టూ గోధుమ చేలు. మరో ఫోటోలో సగం కూలిన కోటగోడ. "ఆ గోడ ముందు ముప్పావుగంట నిలబడిపోయామంటే నమ్మండి" అంది ఆవిడ. నమ్మాను. ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళమే కదా అని, "శ్రీముఖలింగం చూశారా?" అని అడిగాను. "చూడకేం, ఓ కార్తీక సోమవారం వెళ్ళి దణ్ణం పెట్టుకుని వచ్చేశాం" అంది.

అదండీ వరస. పరాయి ఊళ్ళో కూలిన గోడకి ముప్పావుగంట. మన ఊళ్ళో వెయ్యేళ్ళు దాటి నిలబడ్డ గుడికి మూడు నిమిషాలు, అదీ కళ్ళు మూసుకుని!

ఆ ఉత్తర ఫ్రాన్సు మనకి బొత్తిగా కొత్త చోటేం కాదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫిరంగులు పేల్పించిన బుస్సీ దొర పుట్టింది అక్కడే, స్వాసోన్ పట్నం దగ్గర. బొబ్బిలి మట్టికోట నేలమట్టమైంది. ఆడవాళ్ళూ పిల్లలూ కూడా శత్రువు చేతికి చిక్కకుండా తమవాళ్ళ కత్తికే బలయ్యారు. కాలం చిత్రమైంది. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, స్వాసోన్‌కి ఎంతో దూరం లేని కూసీ కోట బురుజుని జర్మన్ సైన్యం వెనక్కి పోతూ పోతూ పేల్చేసింది. ఫ్రెంచివాళ్ళు ఆ శిథిలాలు ఎత్తిపోసి దుకాణాల సముదాయం కట్టుకోలేదు. కూలినదాన్ని కూలినట్టే కాపాడుకున్నారు. జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్ళి చూస్తున్నారు. మనమో? 1964లో వచ్చిన "బొబ్బిలి యుద్ధం" సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నాం. ఆ యుద్ధం జరిగిన నేల మీద ఓ స్మారక స్తంభం ఉంది. బొబ్బిలి మీదుగా బస్సులో పోయేవాళ్ళలో దాని కోసం దిగేది ఎందరు?

"వాళ్ళకి డబ్బుందండీ" అనేస్తారు వెంటనే. డబ్బొక్కటే అయితే మన గుళ్ళ హుండీలేం తక్కువ తిన్నాయి? అక్కడ ఇంకో సంగతుంది. 1905లో చేసిన చట్టం తరువాత పాత చర్చి కట్టడాలు చాలా భాగం ఆయా ఊళ్ళ సొత్తు. మన మాటల్లో చెప్పాలంటే పంచాయతీ సొత్తు. ప్రార్థన చేసుకునేది మతం వాళ్ళు, కట్టడాన్ని చూసుకోవలసింది ఊరు. 1984 నుంచి ఏటా సెప్టెంబరులో కోటలూ, పాత భవనాలూ జనానికి తలుపులు తెరుస్తాయి, మామూలు రోజుల్లో మూసి ఉండేవి కూడా. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళతారు. అంటే ఆ రాళ్ళు "మావి" అని ఊరు అనుకునేలా ఓ ఏర్పాటు చేసుకున్నారన్నమాట.

ఇక మా అరసవల్లి సంగతి చూడండి. ఆదివారం తెల్లారేసరికి బస్సులొచ్చి ఆగుతాయి. గబగబా క్యూలోకి, గబగబా దర్శనం, గబగబా ప్రసాదం. "పదండి పదండి, కూర్మం మూసేస్తారు" అని కేక. కూర్మం అయ్యాక "పదండి, ముఖలింగం". మధ్యాహ్నం భోజనాల వేళకి మూడు దేవుళ్ళూ పూర్తి. ఇది యాత్రా, పందెమా?

మా స్వామి పాదాల మీద ఏటా రెండుసార్లు, మార్చి 9 మొదలు 11 దాకా, అక్టోబరు 1 మొదలు 3 దాకా, మబ్బు అడ్డం రాకపోతే ఉదయకిరణాలు పడతాయని అందరికీ తెలుసు. ఆ రోజుల్లో ఇసకేస్తే రాలనంత జనం. కానీ ఆ రెండు తేదీలే ఎందుకని అడిగే పిల్లాడు కనపడడు. పిల్లాడు అడిగినా "దేవుడి మహిమరా, దణ్ణం పెట్టుకో" అనే తల్లే తప్ప చెప్పే తల్లి కనపడదు. సూర్యుడు దక్షిణానికి పోతూ ఒకసారి, తిరిగి ఉత్తరానికి వస్తూ ఒకసారి తూర్పున సరిగ్గా అదే చోట ఉదయిస్తాడు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకి సెప్టెంబరులో ఇటు పది రోజులు, మార్చిలో అటు పది రోజులు. ఆ లెక్క కట్టి, వాకిళ్ళన్నీ ఆ దిక్కుకి ఒకే వరసలో తెరిచిన శిల్పి ఎవడో మహానుభావుడు. ఆ మాట చెబితే భక్తి తగ్గుతుందా? నాకైతే ఇంకో దణ్ణం ఎక్కువ పెట్టాలనిపిస్తుంది, ఆ శిల్పికి.

ఇక్కణ్ణుంచి 15 కిలోమీటర్ల లోపే శ్రీకూర్మం. రెండు ధ్వజస్తంభాలేమిటి, స్వామి పడమటి ముఖంగా ఉండటమేమిటి అని ఆగి అడిగేవాళ్ళు తక్కువ. ప్రదక్షిణ మండపంలో గోడల మీద బొమ్మలున్నాయి. రంగులు వెలిసిపోతున్నాయి. స్తంభాల నిండా శాసనాలు, ఎక్కువ భాగం మన తెలుగే. నరహరి తీర్థులవారి 1281 నాటి శాసనం అక్కడిదే. దీపాలకీ నైవేద్యాలకీ ఎవరెవరు ఏమిచ్చారో రాతి మీద రాయించుకున్నారు. మనమేం చేస్తాం? ఆ స్తంభాలకి వీపు ఆనించి పులిహోర తింటాం. ఎవరి పనైతేనేం, చెయ్యి తుడుచుకున్న గుర్తులు కూడా ఉంటాయి.

శ్రీముఖలింగం మాటకొస్తే నాకు కోపం రెట్టింపవుతుంది. వంశధార ఒడ్డున మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు మూడు. గంగరాజుల కళింగనగరం ఇదేనంటారు. ఈ వంశంవాడైన అనంతవర్మ చోడగంగదేవుడే పూరీ జగన్నాథుడి ఇప్పటి గుడి కట్టడం ప్రారంభించాడు. పూరీకి రిజర్వేషన్లు చేయించుకుని ఏటేటా పోయే మనకి, ఆ గుడి మొదలెట్టిన రాజు వంశం మన ఏటి ఒడ్డున ఏలిందని ఎవరూ చెప్పరు. ఊరి మొగలోనే ఉన్న సోమేశ్వరుడి గుడి గోడలమీది శిల్పాల్ని బస్సు కిటికీలోంచే చూసి దాటిపోతాం.

ఆ పక్కనే పర్వతాలపేటలో 1863లో పుట్టారు గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో బడిపంతులు. ముఖలింగం శాసనాల్ని ఏ విశ్వవిద్యాలయమూ నేర్పకుండానే తంటాలు పడి చదవడం నేర్చుకున్నారు. 1919లో వంశధార దక్షిణపు ఒడ్డున కొండమీద శాలిహుండం బౌద్ధ శిథిలాల్ని వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, తెలుగు గొప్పదని మైకులో అరిచి, పిల్లలకి బిస్కట్లు పంచి ఇంటికి పంపేస్తాం. ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కున్న ఆ రాతి దగ్గరికి ఒక్క బడి పిల్లల్నైనా తీసుకువెళ్ళి నిలబెడితే, అదీ దండంటే!

"గుడి అంటే మ్యూజియం అనుకున్నారా? దేవుడుండే చోటండీ" అని నన్ను కోప్పడే పెద్దలున్నారు. వాళ్ళ మాటలో నిజముంది. అక్కడ జనం తగ్గిపోయిన చర్చిలు చాలా ఉన్నాయి. మనకి దీపం ఆరలేదు. అది మన భాగ్యం. అందుకే అడుగుతున్నాను. దేవుడుండే ఇల్లు కదా, ఆ ఇంటి గోడకి నూనెరంగు పులిమేవాణ్ణి, చెక్కిన అక్షరాల్లో సున్నం కూరేవాణ్ణి ఎందుకు ఆపరు? నేను చూసిన ఓ గుళ్ళో ఎప్పటి శాసనమో సున్నం కింద ఉంది, సీలింగు ఫ్యాను ఇచ్చిన దాత పేరు మూడు రెక్కలమీదా ఉంది. ఇది భక్తా?

తప్పంతా చూసేవాళ్ళదే అనను. ఆడవాళ్ళం ఈ ఊళ్ళకి బయల్దేరితే ముందు చేసే పని మంచినీళ్ళు తాగడం మానేయడం. ఎందుకో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మగవాళ్ళు అధికారంలో ఉంటే ఈ ఒక్క సంగతీ వాళ్ళ బుర్రకి ఎక్కదు. శుభ్రమైన మరుగుదొడ్డీ, కూర్చోవడానికి నీడా, ఈ గుడి ఎవరిది, ఎప్పటిది అని నాలుగు ముక్కలు తప్పుల్లేని తెలుగులో రాసిన బోర్డూ, సాయంత్రం తిరిగెళ్ళడానికి ఓ బస్సూ. కోట్లు అక్కర్లేదు వీటికి. ఓసారి ఓ పల్లెలో దారి అడిగితే ఓ ముసలమ్మ, "ఏటుందమ్మా ఇక్కడ సూడ్డానికి, అన్నీ పాత రాళ్ళే" అంది. ఆవిడని ఏమనగలం? ఆ రాళ్ళ వల్ల ఆవిడ ఇంటికి ఓ పూట గంజి వచ్చిందా, ఆవిడ మనవడికి ఓ ఉద్యోగం వచ్చిందా? ఊరి కుర్రాళ్ళలో ఇద్దరికి ఆ కథ చెప్పడం నేర్పించి జీతమివ్వండి. వచ్చినవాళ్ళకి ఓ పూట భోజనం పెట్టే ఏర్పాటు ఊళ్ళో ఆడవాళ్ళకి అప్పగించండి. ఆ మర్నాటి నుంచి ఆ రాళ్ళమీద ఎవడు చెయ్యి వేస్తాడో ఆ ముసలమ్మే చూసుకుంటుంది.

అంతవరకూ మన వంతు మనం చేద్దాం. ఈసారి ఒక రోజుకి ఒక్కటే గుడి పెట్టుకోండి. దర్శనమయ్యాక ఓ గంట ఆగండి. ఫోను సంచిలో పడేసి గోడ చుట్టూ నడవండి. పిల్లలతో శాసనంలో తెలిసిన అక్షరం ఒక్కటి వెతికించండి. సాయంత్రం శాలిహుండం కొండెక్కి వంశధార సముద్రంవైపు పోవడం చూడండి. ఫ్రాన్సుకీ వెళ్ళండి, ఎవరొద్దన్నారు? కాకపోతే అక్కడ ఏ పల్లెటూరి చర్చిలోనో ఎవరైనా పెద్దమనిషి "మీ ఊళ్ళో చూడ్డానికేముందమ్మా?" అని అడిగితే, తెల్లమొహం వేయకుండా చెప్పడానికి మీ దగ్గర ఓ గంట కబుర్లుండాలి.