అసిరికి ముందు కథ లేదా?

మా గజపతినగరంలో డిగ్రీ రెండో ఏడాది క్లాసు. కన్యాశుల్కం చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఎస్సీ హాస్టల్ కుర్రాడొకడు లేచి అడిగాడు: "అసిరి ఈ నాటకంలోకి రాకముందు ఏటి చేసేవోడు మేడమ్?"

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గిరీశం మీద, మధురవాణి మీద ఎన్ని వ్యాసాలు చదివానో. నౌకరు అసిరిని కన్నతల్లి ఎవరని ఒక్కసారీ అడగలేదు. తెలుగులో డాక్టరేట్ చేసినదాన్ని! అసిరి గతం మీద అందర్నీ ఒక పేజీ రాసుకు రమ్మన్నాను.

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో ఒక పెద్దాయన, "గురజాడని వక్రీకరించడం నేర్పుతున్నావా అమ్మా?" అన్నారు. అక్కడ సగమే జవాబు చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ.

తిరగరాయడం మొదలుపెట్టింది గురజాడే కదా. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. మొదటిదాంట్లో చిన్న పాత్రగా ఉన్న మధురవాణి, రెండోదాంట్లో కథ నడిపే మనిషైంది. పక్కపాత్ర పెరిగితే నాటకం పాడవలేదు. ఇవాళ మనం చదివేది ఆ రెండోదాన్నే.

జాంబవంతుణ్ణి చూడండి. రామాయణంలో ముసలి భల్లూకం. హనుమంతుడికి అతని బలం గుర్తుచేసి పక్కకు తప్పుకుంటాడు. డక్కలివాళ్లు మాదిగలకు చెప్పే జాంబపురాణంలో ఆ జాంబవుడే భూమి కంటే ముందు పుట్టినవాడు. పెద్ద కథలో పక్కన నిలబెట్టినవాణ్ణి, తమ కథలో అన్నిటికీ మొదట నిలబెట్టారు. దాన్ని వక్రీకరణ అనేవాళ్లు, ప్రతి ఊరి స్థలపురాణాన్నీ చేతులు జోడించుకుని వింటారు.

ఈ పేచీ మనదొక్కటే కాదు. అమెరికాలో 1966లో 'స్టార్ ట్రెక్' అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ మొదలైంది. అందులో నౌక సమాచార వ్యవస్థ చూసే అధికారి ఉహురా, నల్లజాతి స్త్రీ. ఆ పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ మొదటి సీజన్ అయ్యాక మానేద్దామనుకుంది. వద్దని ఆపింది మార్టిన్ లూథర్ కింగ్. తర్వాత ఆమె నాసా కోసం ఆడవాళ్లను, నల్లవాళ్లను వ్యోమగాములుగా చేర్చే పనిలో ఊరూరా తిరిగింది. పాత్ర చిన్నదే, అది తెరిచిన తలుపు పెద్దది.

కానీ ఆ ఉహురాకు తెరమీద సొంతపేరు పలకడానికి 2009 సినిమా దాకా ఆగాలి. 43 ఏళ్లు! పేరు నియోటా. మన తాతల పేర్లకు ఊరి పెద్దల నోట్లో ఎప్పుడూ 'గాడు' తగిలేది. పూర్తి పేరు ఎవరు పలికారు?

2022లో వచ్చిన కొత్త సిరీస్‌లో ఉహురాకు గతం కూడా రాశారు. అమ్మానాన్నలు, అన్న ప్రమాదంలో పోయారు. కెన్యాలో పెరిగింది. 37 భాషలు మాట్లాడుతుంది. ఇది చూసి సంతోషించాను, కొంచెం నొచ్చుకున్నాను కూడా. మనలాంటివాళ్లకు గతం ఇవ్వాలంటే ముందు ఇంట్లో శవం లేవాలా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడే నా తప్పు కూడా ఒప్పుకోవాలి. పిల్లలు తెచ్చిన పేజీల్లో అసిరికి దాదాపు అందరూ ఆకలి ఇచ్చారు, దెబ్బలిచ్చారు. అబద్ధమని అనను. మన ఇళ్లలో అది ఉంది. కానీ నేను చెప్పిన పాఠాల్లో మనవాళ్లు కనబడిందల్లా దెబ్బలు తింటూనే. పిల్లలు నా దగ్గరే నేర్చుకున్నారు.

ప్రశ్న వేసిన కుర్రాడి పేజీ మాత్రం వేరు. వాడి అసిరికి చెరువు గట్టు ఎక్కడ కారుతుందో అడుగు శబ్దాన్ని బట్టి తెలుసు. రాత్రి తప్పెటగుళ్లు ఆడుతుంటే వెనకాల నిలబడి పాటంతా నేర్చేసుకుంటాడు. యజమాని ఇంట్లో ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో అందరికంటే ముందు వాడికే తెలుసు. తెలిసి నోరు మూసుకుంటాడు, కూలి డబ్బులు రావాలి కనుక.

"ఇదంతా ఎక్కణ్ణుంచి తెచ్చావురా?" అన్నాను. "మా తాత మేడమ్" అన్నాడు.

అసిరిది మన కులమేనని నేను అనడం లేదు. చాకిరీ చేసేవాడికి గతం అక్కర్లేదు, తెలివి ఉండదు అనుకునే అలవాటుతోనే నా పేచీ. ఆ ఖాళీని మన కన్నీళ్లతో మాత్రమే నింపితే, వాళ్లు మనకు కేటాయించిన పాత్రనే మళ్లీ మనం వేసినట్టు. మన పనితనం, మన చమత్కారం, మన మౌనం వెనక ఉన్న లెక్క కూడా అందులోకి రావాలి.

ఈ వారం ఒక పని చెయ్యండి. మీ తాత పూర్తి పేరు, ఆయనకు బాగా వచ్చిన పని ఒకటి కాగితం మీద రాయండి. తెలీకపోతే ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడగండి.

జై భీమ్.