ఎర్రమంచే ఎందుకు?

బెంగళూరు నుంచి హైదరాబాద్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వస్తుంటే, పెనుకొండ దాపున ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం కనిపిస్తుంది. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో కట్టారు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన, అప్పట్లో ఎర్రమంచి ఉన్న అనంతపురాన్ని కొరియా కంపెనీ ఏరికోరి ఎందుకు ఎంచుకుంది? 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరినప్పుడు దీనికి రాజకీయ జవాబులే ఎక్కువ వినిపించాయి.

విదేశంలో తయారై దిగే కొత్త కారు మీద అప్పట్లో 60 నుంచి 100 శాతం సుంకం. ఇక్కడ అమ్మాలంటే ఇక్కడే చేయక తప్పదు. ఇక్కడంటే ఏ ఊరు? మరలు, నట్లతో కలిపి లెక్కేస్తే కారులో 30 వేల దాకా భాగాలుంటాయి. చిన్నవీ బరువైనవీ ఎంత దూరం నుంచైనా తెప్పించుకోవచ్చు. సీటు, బంపరు అలా కాదు. లారీ నిండా అవే ఎక్కించినా సగం మోసేది గాలినే. పైగా లైను మీద ఏ కారు వెనక ఏ కారు వస్తుందో ఆ వరసలోనే సీట్లు అందాలి. అందుకని వాటిని చేసేవాళ్లు గోడ పక్కకే రావాలి. మిగతా వాటికి, 1998 నుంచి శ్రీపెరుంబుదూరులో కార్లు చేస్తున్న సోదర సంస్థ హ్యుందాయ్ చుట్టూ పెరిగిన సరఫరాదారులున్నారు. అక్కడి నుంచి పెనుకొండకు లారీ ఒక్క రాత్రిలో వస్తుంది. బెంగళూరు విమానాశ్రయం ఇంకా దగ్గర. లేనిది నీళ్లే, వాటిని హంద్రీ-నీవా కాలువ మీది గొల్లపల్లి జలాశయం నుంచి ఇచ్చారు. రాయితీలంటారా, అవి ఏ రాష్ట్రమైనా ఇస్తుంది.

ఆ రాయితీల వెనక ఒక చిక్కుంది. ఒప్పందమైన కొద్ది నెలలకే జీఎస్టీ వచ్చింది. రాష్ట్రానికి రావలసిన పన్ను ఇప్పుడు సరుకు తయారైన చోటికి కాక, కొన్న చోటికి చేరుతుంది. ఎర్రమంచిలో తయారైన కియా సెల్టోస్ కారును లక్నోలో కొంటే ఆ వాటా ఉత్తర ప్రదేశ్‌ది. భూమి, నీళ్లు ఇచ్చిన రాష్ట్రానికి ప్రధానంగా దక్కేవి జీతాలు, చుట్టూ పుట్టే చిన్న పరిశ్రమలు.

ఆ చిన్న పరిశ్రమలే గట్టివి. 2008లో పశ్చిమ బెంగాల్‌లోని సింగూరు వదిలిన టాటా నానో కార్ల కర్మాగారం గుజరాత్‌లోని సానంద్‌కు చేరింది. 2018లో నానో ఆగింది, కర్మాగారం ఆగలేదు. చుట్టూ సరఫరాదారులు ఉండటంతో వేరే కార్లు చేస్తోంది. 2021లో ఫోర్డ్ దేశంలో కార్ల తయారీ మానుకుంటానన్నాక, సానంద్‌లోని దాని ప్లాంటును టాటాలే తీసుకున్నారు. అలాగని పొరుగు బలం ఒక్కటే చాలదు. అంత బలగం ఉన్న చెన్నైలో అదే ఫోర్డ్ ప్లాంటుకు బేరం కుదరలేదు.

పెనుకొండకు కియా వెంట వచ్చిన సరఫరాదారుల్లో కొరియా సంస్థలే ఎక్కువ. అందులో తప్పేమీ లేదు, మొదట్లో అలాగే ఉంటుంది. కానీ హిందూపురం నుంచో ధర్మవరం నుంచో వెళ్లి అక్కడ పని నేర్చిన కుర్రాడు, పదేళ్ల తర్వాత సొంత షెడ్డులో బ్రాకెట్లో క్లిప్పులో చేసి తెస్తే కంపెనీ కొంటుందా? ఆ షెడ్డు పెట్టుకోవడానికి బ్యాంకు అప్పిస్తుందా? మళ్లీ ఏ కార్ల కంపెనీతోనైనా రాయితీల కాగితాల మీద సంతకాలు చేసేటప్పుడు, ఎన్ని ఉద్యోగాలన్న గడి పక్కన స్థానికుల నుంచి ఎంత సరుకు కొంటారన్న గడి కూడా ఒకటి పెట్టించమని ప్రభుత్వాన్ని అడగాలి.