సంఘము నోరు మూయించు సంగీతము

గిటారు తీగెలలో సాతాను దాగియున్నాడని కొందరు బోధకులు సభలలో ఉద్ఘోషించుచున్నారు. ఆ మాటను ఊరంతటికి వినిపించు లౌడుస్పీకరు మాత్రము పరిశుద్ధమట! సహోదరులారా, ఈ వాదము నిలువదు. నూట ఏబదియవ కీర్తన తంతివాద్యములను, పెద్దగా మ్రోగు తాళములను సహితము దేవుని స్తుతికి పిలుచుచున్నది. కఱ్ఱకును తీగెకును పాపము లేదు. వాటిని పట్టిన హృదయమునకే విమర్శ.

హార్డ్ రాక్ అనబడు సంగీతమునే తీసికొందము. ఏసీ డీసీ అను బృందమును 1973లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ పట్టణమున మాల్కమ్ యంగ్, ఆంగస్ యంగ్ అను అన్నదమ్ములు స్థాపించిరి. వారి 1979 నాటి ఆల్బము పేరునకు నరకమునకు పోవు రహదారి అని అర్థము. మరుసటి సంవత్సరమే వారి గాయకుడు బాన్ స్కాట్ అతిగా త్రాగి మరణించెను. ఆ మాటలను గాని ఆ త్రోవను గాని నేను సమర్థింపను. అయినను వారి వృద్ధాప్యపు పనిని చూడుడి. మాల్కమ్ మతిమరుపు వ్యాధికి లోనై 2017లో మరణించెను. తామిద్దరు ఏండ్ల తరబడి కూర్చి దాచిన స్వరములను తమ్ముడు ఆంగస్ వెదకి తీసి, పాత సహచరులతో కెనడాలోని వాంకోవరు స్టూడియోలో రికార్డు చేసెను. 2020 నవంబరులో ‘పవర్ అప్’ అను పేర వెలువడిన ఆ ఆల్బములోని 12 పాటలకును రచయితగా అన్న పేరు తమ్ముని పేరుతోకూడ ఉన్నది.

అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని యుక్తిని ప్రభువు ఎందుకు మెచ్చుకొనెనో ఇప్పుడు తెలిసినదా? లోకస్థులు చనిపోయిన సహోదరుని స్వరమును భద్రపరచిరి. మనమేమి చేసితిమి? 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌధరిగారు మన దేశపు రాగతాళములలో క్రీస్తును కీర్తించిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాటపైన రాగము, తాళము నేటికిని అచ్చువేయబడియున్నవి. వాటిని చూచి ఎత్తుకొనగల యౌవనస్థులు మన సంఘములలో ఎందరు?

నేడు పాట పుట్టు విధమేమి? సేవకుడు నాలుగు పంక్తులు వ్రాసి, సొమ్ము పట్టుకొని స్టూడియోకు పోవును. కీబోర్డువాడు ట్రాకు కట్టును, కూలికి వచ్చిన గాయకుడు పాడును, యంత్రము అపస్వరమును దిద్దును. వీడియోలో సేవకుని ముఖము పెద్దది, క్రీస్తు నామము చిన్నది. ఆదివారమున ఆ ట్రాకు పెట్టి ఒక్కరు పాడగా సంఘము చేతులు కట్టుకొని నిలుచును. ఒకరికొకరు కీర్తనలతో బుద్ధి చెప్పుకొనవలెనని పౌలు కొలొస్సయులకు వ్రాసినది ఇందుకేనా?

ఇక శబ్దము మాట. ఆ బృందపు గాయకుడు బ్రయాన్ జాన్సన్, పాడుట మానకున్న చెవుడు వచ్చునని వైద్యులు హెచ్చరింపగా 2016లో యాత్ర విడువవలసి వచ్చెను. 85 డెసిబెళ్లకు మించిన ధ్వని గంటల తరబడి వినిన చెవికి హాని. మనము రేకుల కప్పు క్రింద సౌండు బాక్సులు పెట్టి పసిబిడ్డల చెవులను ఏమి చేయుచున్నాము? 2000 నాటి ప్రభుత్వ నియమములు నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లని హద్దు పెట్టినవి. పొరుగువాని నిద్ర చెరుపు స్తుతి పొరుగువానిని ప్రేమించుట కాదు. అట్టి పాటల ధ్వని తనకు అక్కరలేదని దేవుడు ఆమోసుచేత చెప్పించెను గదా.

“ట్రాకు లేనియెడల యౌవనస్థులు రారు” అందురు. వినుటకు వచ్చినవారు ఇంతకన్న మంచి ధ్వని దొరకినచోటికి పోవుదురు. పాడుటకు వచ్చినవారు నిలుతురు.

కాబట్టి పెద్దలారా, ప్రతి ఆరాధనలో ఒక కీర్తనయైనను మైకు లేక సంఘమంతయు పాడనిండు. రాగమెరిగిన వృద్ధులు బ్రదికియుండగనే వారియొద్ద పిల్లలను కూర్చుండబెట్టుడి. క్రొత్త పాటను త్రోసివేయకుడి, పరీక్షించుడి: మా ముక్త్యాలవంటి కృష్ణయొడ్డు గ్రామమున మిరపకాయల కోతనుండి వచ్చిన చదువురాని తల్లి, మూడవమారు వినునప్పటికి పల్లవి అందుకొనగలదా? అందుకొనగలిగిన ఆ పాట సంఘముది. లేనియెడల అది స్టూడియోదే.

ఏలీయాకు ప్రభువు పెనుగాలిలో కనబడలేదు. ఆ మెల్లని స్వరమును వినగల చెవులను ఆయన మనకు కాపాడును గాక. ఆమేన్.