ఆడపిల్ల ఒళ్ళు చేస్తే తప్పా?

మొన్న మాఘంలో బంధువులింట పెళ్ళికి వెళ్ళాం. భోజనాల దగ్గర మా పెద్దత్తగారు మా అమ్మాయిని ఎగాదిగా చూసి, "ఏమ్మా, పిల్ల ఒళ్ళు చేసిందే! ఇప్పట్నించీ నోరు కట్టించకపోతే రేపు సంబంధాలు చూసేటప్పుడు నీకే కష్టం" అన్నారు. పక్కనే ఉన్న మా అబ్బాయి వీపు నిమిరి, "వీడికి నెయ్యి దండిగా పొయ్యి, ఎదిగే మగపిల్లాడు" అని కూడా చెప్పారు. దానికి పన్నెండేళ్ళు, వాడికి పద్నాలుగు. పెద్దావిడ కదా అని నేను నవ్వేసి ఊరుకున్నాను.

వారం తిరక్కుండానే అమ్మాయి పొద్దున ఇడ్లీలు వదిలేసి బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. అడిగితే ఆకలి లేదంటుంది. నిజం చెప్పొద్దూ, నా చెయ్యీ మారింది. "అమ్మా, చెల్లికి నెయ్యి వెయ్యలేదేం?" అని ఓ రాత్రి మా వాడు అడిగేదాకా నాకే తెలియలేదు. సిగ్గేసింది.

ఆ తర్వాతే ఈ బరువుల సంగతేమిటో చదవడం మొదలుపెట్టాను. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్, ఆయన బృందం ఒక జన్యువును కనిపెట్టారు. అది తయారుచేసే హార్మోన్ పేరు లెప్టిన్. మన ఒంట్లోని కొవ్వే దాన్ని రక్తంలోకి వదులుతుంది. డబ్బాలో బియ్యం ఎన్నాళ్ళకి వస్తాయో ఇల్లాలికి తెలిసినట్టు, ఒంట్లో నిల్వ ఎంతుందో మెదడుకి తెలిసేది దీనివల్లే. నిల్వ తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. 1997లో ఇంగ్లండ్‌లో ఇద్దరు పిల్లల్ని పరీక్షిస్తే, పుట్టుకతోనే వాళ్ళకి లెప్టిన్ దాదాపు లేదని తేలింది. ఎనిమిదేళ్ళ పిల్ల బరువు 86 కిలోలు, రెండేళ్ళ పిల్లాడిది 29 కిలోలు! అంతవరకూ వాళ్ళని చూసినవాళ్ళు ఎన్నెన్ని మాటలన్నారో! లెప్టిన్ ఇంజెక్షన్లు ఇస్తే ఆ పిల్లకి ఆకలీ తగ్గింది, బరువూ తగ్గిందని 1999లో డాక్టర్లు ప్రకటించారు.

ఇక మనక్కావలసిన ముఖ్యమైన సంగతి. ఈ లెప్టిన్ ఆడపిల్లల్లో, మగపిల్లల్లో ఒకేలా ఉండదు. బొడ్డుతాడు రక్తంలోనే ఆడశిశువుకి ఎక్కువ. ఈడు వచ్చే వేళకి ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ పెరిగి కండ పడుతుంది, లెప్టిన్ తగ్గుతుంది. ఆడపిల్లల్లో ఈస్ట్రోజెన్ వల్ల తుంటి దగ్గరా తొడల దగ్గరా కొవ్వు చేరుతుంది, లెప్టిన్ పెరుగుతుంది. నిల్వ సరిపోయిందని మెదడుకి కబురు అందితేనే రజస్వల కావడానికి దారి పడుతుంది. కడుపు మాడ్చుకుంటే ఆ కబురు ఆగుతుంది, వచ్చిన నెలసరీ ఆగిపోవచ్చు. అంటే పెద్దత్తగారు తప్పుబట్టిన ఆ నునుపు, ఆ వయసు ఆడపిల్ల ఒంట్లో జరగవలసిన పనే!

అలాగని ఎంత లావైనా ఫరవాలేదని నేననడం లేదు. మరీ బరువెక్కిన ఆడపిల్లలు త్వరగా రజస్వల కావడం మనం చూస్తున్నాం. అలాంటి పిల్లల్లో చాలామందికి లెప్టిన్ ఎక్కువే ఉంటుంది గానీ మెదడు ఆ మాట సరిగా వినిపించుకోదట. కనుక తిట్టి, పస్తులుంచి లాభం లేదు. చిప్స్ పొట్లాలూ కూల్‌డ్రింకులూ తగ్గించాలి, ఆడుకోవడానికి పంపాలి. ఇద్దర్నీ! బొద్దుగా ఉంటే మగపిల్లాడు "పుష్టిగా ఉన్నాడు", ఆడపిల్ల "లావైపోయింది" అనడం ఏం న్యాయం? డాక్టర్ల దగ్గర ఎదుగుదల పట్టికలు ఆడపిల్లలకి వేరు, మగపిల్లలకి వేరు. పిల్ల బరువు సరిగ్గా ఉందా లేదా అన్నది ఆ పట్టిక చెప్పాలి గానీ పెళ్ళి పందిట్లో చుట్టాలు కాదు.

ఇంకో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత. అదే వయసు మగపిల్లల్లో 31 మందికి. నెలనెలా రక్తం పోయే పిల్లకి పప్పూ ఆకుకూరా గుడ్డూ ఓ ముద్ద ఎక్కువే పెట్టాలి. మనమేమో ఆ ముద్దే తగ్గిస్తున్నాం, అదీ రేపెప్పుడో వచ్చే పెళ్ళికొడుకు కోసం!

మా ఇంట్లో ఇప్పుడు ఇద్దరికీ ఒకటే నెయ్యి చెంచా. అయినా అమ్మాయి ఇంకా ఓ ఇడ్లీ కంచంలోనే వదిలేస్తోంది. ఆ ఒక్క మాట దాని మనసులోంచి పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో! పెద్దల్ని ఎదిరించమని నేను చెప్పను. కానీ పిల్ల ఎదుటే అంటున్నప్పుడు, "దాని వయసుకి అలాగే ఉండాలండీ" అని మెల్లిగానైనా, ఆ పిల్లకి వినబడేలా చెప్పాలి. ఆ రోజు నేను చెప్పలేకపోయాను. మీరైనా చెప్పండి.