వీరుడు ఎవరి సొత్తు?



2013లో వచ్చిన 'మ్యాన్ ఆఫ్ స్టీల్' పతాక సన్నివేశం గుర్తుందా? విలన్ జనరల్ జాడ్ కళ్లలోంచి దూసుకొచ్చే మంట, మూలకు నక్కిన ఓ కుటుంబాన్ని సమీపిస్తుంటుంది. సూపర్‌మ్యాన్ అతని మెడ విరిచేస్తాడు. మరుక్షణమే మోకాళ్ల మీద కూలబడి గావుకేక పెడతాడు.

అక్కడే అభిమానులు రెండుగా చీలిపోయారు. 'మా సూపర్‌మ్యాన్ చంపడు' అన్నారు కొందరు. 'అతనికి వేరే దారేది?' అన్నారు మరికొందరు. కామిక్స్ రచయిత మార్క్ వెయిడ్ సైతం బాహాటంగానే బాధపడ్డారు. నిజానికి 1988లో జాన్ బర్న్ రాసిన కామిక్‌లోనే సూపర్‌మ్యాన్ ముగ్గురు నేరస్థులకు మరణశిక్ష అమలు చేశాడు! 2025లో జేమ్స్ గన్ తీసిన సినిమాలో సూపర్‌మ్యాన్ ఉడుతను కూడా కాపాడాడు. అయినా, అతనికి కన్నవాళ్లు పంపిన సందేశాన్ని మార్చారంటూ మళ్లీ రగడ.

జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో లోకానికి పరిచయం చేసిన పాత్రపై ఇంకా ఇంత పట్టుదలా? ఈ సంచికలోని వ్యాసాలన్నీ ఏదో ఒక దారిలో ఆ ప్రశ్న దగ్గరికే చేరతాయి. అభిమానుల కోపాన్ని మేం వెక్కిరించదలచుకోలేదు, వెనకేసుకురాదలచుకోలేదు. అది పాత్రపై మమకారమా, మార్పంటే భయమా అన్నది తరచి చూశాం. మా రచయితల్లోనూ ఏకాభిప్రాయం లేదు. మీరూ వాదనకు దిగండి, ఉత్తరాలు రాయండి.

- సంపాదకుడు