ఇంటి పనిముట్లు: కంప్యూటరులో తెలుగు అమర్చుకొనుట

కోయంబత్తూరులోను, మధురలోను మనవారి ఇళ్ళలో కంప్యూటరు ఇప్పుడు వింత వస్తువు కాదు. దుకాణం బిల్లులు, పిల్లల చదువులు, పెళ్ళి సంబంధాల జాబితాలు అన్నీ దానిమీదనే నడుస్తున్నవి. అయితే ఆ ఇళ్ళలోనే "దీనిలో నాలుగు మాటలు తెలుగులో వ్రాయండి" అని అడిగి చూడండి. "మా మిషనులో తెలుగు లేదండీ" అనే జవాబే తరచుగా వినవస్తుంది.

ఈ మాట సరికాదు. విండోస్‌తో బాటు తెలుగు అక్షరాలు రావడం మొదలై చాలా కాలమైనది. 2001 నాటి విండోస్ ఎక్స్.పి.లో గౌతమి అనే అక్షరరూపం వచ్చినది. 2012 నాటి విండోస్ 8 నుంచి నిర్మల అనే రూపం వస్తున్నది. అంటే తెలుగు లోపల ఉన్నది. మనం పిలవలేదు, అంతే. పిలిచే పద్ధతి తెలిస్తే అరగంట పని. అది చేయకపోవడం వల్ల మనకు కలిగే నష్టం మాత్రం అరగంటతో పోయేది కాదు.

నష్టమేమిటో ముందుగా చెప్పుకొందాము. మన ఇళ్ళలో తెలుగు చదవగలవారు తాతగారు, అవ్వగారు. వారు కంప్యూటరు జోలికి పోరు. కంప్యూటరు నడపగల మనుమడు తెలుగు మాట్లాడతాడే గాని చదవలేడు. 2006 నాటి చట్టం తరువాత తమిళనాడు బడులలో తమిళం ఒకటవ తరగతి మొదలుకొని క్రమక్రమంగా తప్పనిసరి అయినది. తమిళం బాగా రావడం మనకు మేలే. అది మనకు అన్నం పెట్టిన దేశపు భాష. కాని బడిలో కనబడని తెలుగు అక్షరం ఇంటిలోనైనా పిల్లవాని కంట పడాలి గదా! ఈ కాలపు పిల్లల కళ్ళు ఎక్కడ ఉంటవో అక్కడనే ఆ అక్షరం ఉండవలెను.

తెలుగు అమర్చుకొనని ఇళ్ళలో నడుస్తున్న పద్ధతులు మూడు. మొదటిది, తెలుగు మాటలను తమిళ అక్షరాలలో వ్రాయడం. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం; త, ద లకు ఒకటే; ప, బ లకు ఒకటే. అందుచేత తాతకూ దాతకూ ఒకటే రూపు, పాటకూ బాటకూ ఒకటే రూపు. తెలుగు వినికిడి ఉన్నవారు సందర్భాన్ని బట్టి సరిగా చదువుకొంటారు. అది లేని తరం వచ్చినప్పుడు మాట మారిపోతుంది. రెండవది, ఇంగ్లీషు అక్షరాలలో వ్రాయడం. దానిలో పొట్టి అక్షరానికీ దీర్ఘానికీ, త కారానికీ ట కారానికీ నిలకడ లేదు; ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా వ్రాస్తారు. మూడవది, కాగితం మీద చేతితో వ్రాసి ఫోటో తీసి దాచడం. ఇది మంచిదే గాని, ఫోటోలోని పేరును వెదకడం, తప్పు దిద్దడం, జాబితాలో చేర్చడం సులభం కాదు.

కంప్యూటరు అక్షరాన్ని అక్షరంగా ఎరగదు. దానికి తెలిసినవి అంకెలు. ఏ అక్షరానికి ఏ అంక అని లోకమంతా ఒప్పుకొన్న పట్టిక యూనికోడు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగు ఉన్నది. దీనిని పొడుగాటి వీధి అనుకొందాము. ఆ వీధిలో ఒక్కొక్క భారతీయ లిపికి 128 గదుల ఇల్లు ఇచ్చినారు. 2944 నుంచి 3071 వరకు తమిళం. గోడకు గోడ ఆనుకొని 3072 నుంచి 3199 వరకు తెలుగు. ఆ పైది కన్నడం. మనం తమిళనాట ఇరుగుపొరుగుగా బ్రతుకుతున్నట్లే మన అక్షరాలూ అక్కడ ప్రక్క ప్రక్క ఇళ్ళలోనే ఉన్నవి. తమిళ క గది 2965. దానికి 128 కలిపితే 3093, అది తెలుగు క గది. ఇళ్ళ లోపలి అమరిక కూడా ఒక తీరుగానే ఉన్నది.

మధుర పాఠకులకు మరొక విశేషం. అక్కడ మన ఇరుగువారైన సౌరాష్ట్రుల లిపికి 2008లో ఆ వీధిలో స్థానం దొరికినది. వారు తమ భాషను సొంత లిపిలోనే గాక తెలుగు లిపిలో కూడా వ్రాసుకొన్న సంగతి మనలో పెద్దలకు తెలిసినదే. ఆ 2008 కూర్పులోనే మన తెలుగు ఇంటిలో ఖాళీగా ఉన్న కొన్ని గదులు నిండినవి. పాత లెక్కల పుస్తకాలలో కనబడే భిన్నాల గుర్తులు అప్పుడే చేరినవి. మన 128 గదులలో చివరిదైన 3199 ఎవరికి ఇచ్చినారో తెలుసునా? ధాన్యం కొలిచే తూము గుర్తుకు! మీ ఇంటి అటకమీద తాతల నాటి పంట లెక్కలు ఉంటే వాటిలోని గుర్తులకు కూడా ఇప్పుడు కంప్యూటరులో తావు ఉన్నదని గ్రహించండి.

ఇక పని మొదలుపెడదాము. విండోస్ 11 ఉన్నవారు ఇంటర్నెట్టు కలిపి ఉంచుకొని, "సెట్టింగ్స్" తెరచి, "టైమ్ అండ్ లాంగ్వేజ్" లోనికి వెళ్ళి, "లాంగ్వేజ్ అండ్ రీజియన్" అనే చోట "యాడ్ ఎ లాంగ్వేజ్" నొక్కవలెను. వచ్చిన జాబితాలో తెలుగును ఎన్నుకోండి. తెరమీద కనబడే ఆజ్ఞలన్నీ తెలుగులోనికి మార్చమంటారా అని అక్కడ ఒక గడి ఉంటుంది. ఇంటిలో అందరూ తెలుగు చదవగలిగితే తప్ప దానిని ముట్టవద్దు. మనకు ప్రస్తుతం కావలసినది వ్రాత మాత్రమే. అది దిగి అమరిన పిమ్మట విండోస్ మీటను పట్టుకొని స్పేస్ బారు నొక్కితే తెలుగు, మరల నొక్కితే ఇంగ్లీషు. గడియారం ప్రక్కన భాష గుర్తు మారడం గమనించండి. "తెలుగు పోయినది" అని కంగారుపడేవారిలో పలువురికి జరిగేది, తెలియకుండా ఈ రెండు మీటలూ కలిసి నొక్కుకోవడమే.

విండోస్ 10కి కంపెనీవారి మామూలు సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 పట్టని పాత యంత్రాన్ని పారవేయనక్కరలేదు. ఉబుంటు వంటి లినక్స్ వేయించుకొంటే దానిలోను తెలుగు ఉన్నది. కీబోర్డు సెట్టింగులలో "ఇన్‌పుట్ సోర్సెస్" క్రింద చేర్చుకొనవచ్చును. అయితే లినక్స్ వేయకముందు మీ ఫోటోలు, లెక్కలు వేరొక డిస్కులోనికి ఎత్తుకొని, అవి తెరుచుకొంటున్నవో లేదో చూచిన పిమ్మటనే పని మొదలుపెట్టించండి.

తరువాతి ప్రశ్న: ఏ కీబోర్డు? రెండు పద్ధతులు ముఖ్యమైనవి. మొదటిది ఫొనెటిక్. ఇంగ్లీషు అక్షరాలలో మాటను వ్రాస్తే అది తెలుగు చేసి చూపుతుంది. ఇది 2019 నుంచి విండోస్‌లోనే ఉన్నది. నేర్వనక్కరలేదు గనుక పిల్లలకు సుఖం. రెండవది ఇన్‌స్క్రిప్ట్. ఇది భారతీయ భాషలన్నిటికీ కలిపి 1980లలో మన ప్రభుత్వం తయారు చేయించిన అమరిక. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు. కుడిచేతి వైపు హల్లులు. కె మీట నొక్కితే తెలుగులో క, తమిళ ఇన్‌స్క్రిప్టులోను క, హిందీలోను క. ఒకసారి చేతికి వస్తే మూడు భాషలకు పనికివచ్చును. టైపు ఇన్‌స్టిట్యూటులో లోయరు, హయ్యరు ప్యాసైన మావంటి గుమాస్తాలకు ఇదే నచ్చుతుంది.

ఉదాహరణ చూడండి. తెలుగు అని వ్రాయడానికి ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి అనే ఆరు మీటలు. ఎల్ నొక్కితే త, జెడ్ నొక్కితే దానికి ఎత్వం. ఎన్ నొక్కితే ల, జి నొక్కితే కొమ్ము. ఐ నొక్కితే గ, మరల జి నొక్కితే కొమ్ము. ఒత్తులకు వేరే మీటలు లేవు. డి మీట పొల్లు గుర్తు. హల్లుకూ హల్లుకూ నడుమ దానిని నొక్కితే రెండవది దానంతట అదే ఒత్తుగా దిగుతుంది. అవ్వ అని వ్రాయాలంటే షిఫ్ట్ పట్టుకొని డి నొక్కితే అ, తరువాత బి, డి, బి. ఇంతే. ఇంటిలో ఎనిమిదేళ్ళ పిల్లకు దీనిని ఆటగా చూపండి. ఒత్తు ఎట్లా పుడుతుందో పలక మీద చెప్పినదానికంటె త్వరగా తెలిసిపోతుంది.

అమరిక సరిగా ఉన్నదా లేదా అని పరీక్షించడానికి స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, లక్ష్మి అనే నాలుగు మాటలు వ్రాయండి. ఒత్తులు క్రిందికి దిగక పొల్లులుగా విడివిడిగా కనబడితే ఆ ప్రోగ్రాము పాతది, యూనికోడును పూర్తిగా ఎరగనిది. అక్షరాలకు బదులు ఖాళీ గడులు కనబడితే ఎన్నుకొన్న ఫాంటులో తెలుగు లేదని అర్థం. నోటో, మండలి, రామభద్ర, గురజాడ, గిడుగు మొదలైన తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతవి. దించుకొన్న ఫైలు మీద మౌసు కుడిమీట నొక్కి "ఇన్‌స్టాల్" అంటే చాలును. అసలు చోట నుంచే దించుకోండి. ఎవరో పెన్‌డ్రైవులో ఇచ్చిన దొంగ ప్రతులలో ఫాంటుతో బాటు వైరసు కూడా రావచ్చును.

లిబ్రే ఆఫీసు వాడేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. దానిలో ఇంగ్లీషుకు ఒక ఫాంటు, మన లిపులకు వేరొక ఫాంటు విడివిడిగా గుర్తుంచుకొంటుంది. పైన ఎంత మార్చినా తెలుగు మారకపోతే, "క్యారెక్టర్" అనే కిటికీలో "కాంప్లెక్స్ టెక్స్ట్" అనే భాగంలో మార్చవలెను. సభ్యుల జాబితాలను ఎక్సెల్ నుంచి సి.ఎస్.వి.గా దాచేవారు "యు.టి.ఎఫ్-8" అని వ్రాసి ఉన్న రకాన్నే ఎన్నుకోవలెను. లేకపోతే మరునాడు తెరచినప్పుడు పేర్లకు బదులు ప్రశ్నార్థకాలు దర్శనమిస్తవి.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మిగిలినది. యూనికోడు మన చేతికి రాకమునుపు ప్రెస్సులలో వేరే రకపు ఫాంట్లతో పని నడిచినది. వాటిలో తెలుగు బొమ్మలను ఇంగ్లీషు అక్షరాల గదులలో కూర్చోబెట్టినారు. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగు కనబడును. ఫాంటు లేనిచోట ఏవేవో గుర్తుల వరుస. పాత శుభలేఖలు, వంశవృక్షాలు, సంఘాల సభ్యుల పట్టికలు ఎన్నో ఈ స్థితిలో ఉన్నవి. మన ఎరుకలో ఒక కుటుంబంవారు ఏడు తరాల వంశవృక్షాన్ని ఇరవై ఏళ్ళ క్రిందట ఒక ప్రెస్సులో టైపు చేయించి ఫైలు తెచ్చుకొన్నారు. చెప్పిన పెద్దాయన కాలం చేసినారు. ఫైలు ఉన్నది, పేర్లు లేవు. అదృష్టవశాత్తు అచ్చు ప్రతి ఒకటి ఒక చెల్లెలిగారింట దొరికినది.

ఇట్టి ఫైళ్ళను పారవేయకండి. అవి పోలేదు, తాళంచెవి తప్పినది, అంతే. ఏ ఫాంటుతో చేసినారో తెలిస్తే దానిని యూనికోడులోనికి మార్చే పనిముట్లు ఉన్నవి. మార్చినదానిని అచ్చు ప్రతితో అక్షరం అక్షరం సరిచూడవలెను. ఒత్తుల దగ్గర, సున్నల దగ్గర తప్పులు దొర్లుతవి. అసలు ఫైలును కదల్చక వేరుగా ఉంచవలెను. ఇకమీదట శుభలేఖ గాని, సంచిక గాని, సావనీరు గాని అచ్చుకు ఇచ్చినప్పుడు "మాకు పి.డి.ఎఫ్.తో బాటు యూనికోడు ప్రతి కూడా ఇవ్వండి" అని ముందుగానే అడగండి.

యంత్రమంటే వెనుదీయడం మనవారి స్వభావం కాదు. 1937లో కోయంబత్తూరులో జి.డి. నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారు కలిసి విద్యుత్ మోటారును ఇక్కడనే తయారు చేసి చూపినారు. అట్టి ఊరివారికి కీబోర్డు ఒక లెక్కా?

ఈ నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం దీనికి కేటాయించండి. చదవగల కళ్ళు అవ్వవి. ఆడగల వేళ్ళు మనుమరాలివి. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి. మొదట ఇంటి పెద్దల పేర్లు, ఇంటిపేరు, గోత్రం, కులదైవం ఉన్న ఊరు వ్రాయించండి. తరువాత మన ఇళ్ళలో తప్ప వేరే చోట వినబడని మాటలు, వంటల పేర్లు, వరసల పిలుపులు, పెళ్ళి పాటల మొదళ్ళు ఒక్కొక్కటిగా చేర్పించండి. ఆ మాటలు ఆంధ్రదేశపు నిఘంటువులలో అన్నీ దొరుకుతవని నమ్మకం లేదు. తరతరాలుగా మన నోళ్ళలోనే బ్రతికినవి. అవ్వ ఉండగానే వ్రాసుకొంటే ఏ అక్షరం ఒత్తో, ఏది దీర్ఘమో ఆమెనే అడిగి దిద్దుకొనవచ్చును. ఫైలును రెండు చోట్ల దాచండి. ఒక ప్రతి కాగితం మీద కూడా తీసి పెట్టెలో పెట్టండి.

అమరికలో ఎక్కడైనా చిక్కుపడితే సంఘం చిరునామాకు ఒక కార్డు వ్రాయండి. ఏ కంప్యూటరు, ఏ విండోస్, తెరమీద ఏమి కనబడినది అనే మూడు సంగతులు తప్పక తెలపండి. అందరికీ పనికివచ్చే ప్రశ్నలకు ఈ శీర్షికలోనే జవాబు చెప్పుకొందాము.